పడ్డవాణ్ణి పడుకోనివ్వాలి

నన్ను నిలువునా ముంచినవాళ్ళలో మొదటివాడు పరాయివాడు కాదు, నా వెనక పుట్టిన నా తమ్ముడే. వాణ్ణి అందరూ పాలిష్ అంటారు. చెక్కకి పాలిష్ పెట్టడంలో వాడి చెయ్యి అలాంటిది. మాటకి పెట్టడంలో ఇంకా గొప్పది.

వాడు చేసింది నాకు ఎవరో చెవిలో ఊదితే తెలియలేదు. స్నానాల గది గడప దగ్గర తడి నేల మీద నేను వెల్లకిలా పడి ఉంటే, మా ఆవిడ నా కాళ్ళు రెండూ ఎత్తి ముక్కాలిపీట మీద పెట్టింది. అప్పుడు తెలిసింది.

"లేపవే వాణ్ణి! లేపు!" అని అమ్మ తలుపు పట్టుకుని అరుస్తోంది.

"లేపకూడదు అత్తయ్యా. కాసేపు అలాగే ఉండనివ్వండి."

"అలాగే ఉండనివ్వాలా? మీ మామగారు అలాగే ఉండి పోయారు! పడ్డవాణ్ణి పడుకోనివ్వకూడదు, నిలబెట్టాలి. ఈ గడప తొక్కి ఇన్నేళ్ళయింది, ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలుసు. అందుకే వద్దంటున్నాను."

మా ఆవిడ అత్తగారికి ఎదురు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. చెవుల్లో ఇంకా హోరు పోలేదు. కళ్ళ ముందు నల్లటి తెర అంచుల నుంచి విడుతోంది. అయినా ఆ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

మా నాన్న కూడా వడ్రంగే. ఒకసారి పైకప్పు దూలం మీంచి జారిపడితే తోటి పనివాళ్ళు నీడన పడుకోబెట్టి, మంచినీళ్ళ కోసం వెళ్ళారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆయన లేరు. పడుకోబెట్టడం వల్లే ప్రాణం పోయిందని అమ్మ మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే చట్టం. ఎవరు తూలినా, ఎవరు పడినా చంకల కింద చెయ్యేసి లేపి నిలబెట్టాలి. మా చిన్నతనంలో నేనూ పాలిష్‌గాడూ ఆటలో దొర్లితే కూడా అమ్మ పరుగున వచ్చి నిలబెట్టి, ఆ తర్వాత కొట్టేది.

"కాళ్ళు దించకండి" అంది మా ఆవిడ. "వేళ్ళు మెల్లగా కదపండి. ఆఁ, అలాగే."

కదిపాను. అప్పుడు ఇంకొకటి గమనించాను. నా ఒళ్ళు నొప్పిగా లేదు.

ఇంతకుముందు పడిన రెండుసార్లూ ఎవరి చేతుల్లోనో నిలువుగా వేలాడుతూ కళ్ళు తెరిచాను. ఒళ్ళంతా రోకలితో దంచినట్టుండేది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానని చూసినవాళ్ళు చెప్పేవారు. ఫిట్స్ అన్నారు. ఫిట్స్ మనిషి యంత్రం దగ్గరికి పోకూడదన్నారు. చిన్నప్పటి నుంచి రంపం పట్టిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, నెలల తరబడి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఇవాళ మాత్రం నిద్రలోంచి లేచినవాడిలా లేచాను. ఏదీ కొట్టుకోలేదు.

"ఇది నీకెవరు నేర్పారు?" అన్నాను.

"ఏది?"

"కాళ్ళు ఎత్తడం."

"ఎవరు నేర్పుతారు? తోచింది చేశాను."

"తోచి చేసే పనిలో తడబాటు ఉంటుంది. నీకు లేదు."

మా ఆవిడ నా మొహం తుడుస్తున్న తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఒళ్ళు నొప్పులంటాడు కదాని పొగలు కక్కే నీళ్ళు కాచిపెట్టాను" అని అమ్మ తనలో తను గొణుక్కుంటోంది. "స్నానం చేసి వస్తాడనుకుంటే ఇలా వచ్చాడు."

"అంత వేడి వద్దని ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా? నేను వీధి చివరికి వెళ్ళొచ్చేలోపే..."

"వద్దన్నావు. ఎందుకు వద్దో ఎప్పుడైనా చెప్పావా?"

అమ్మ మామూలుగా గాల్లోకి రాళ్ళు విసురుతుంది. ఆ రోజు ఒకటి తగలాల్సిన చోట తగిలింది.

*

వంటింట్లో నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఒక్కసారిగా కాదు. పడ్డచోటే ముందు పక్కకి తిప్పింది, తర్వాత మోచేతి మీద లేపింది, తర్వాత కూర్చోబెట్టి కాసేపు ఆగి, అప్పుడు నడిపించింది. గ్లాసు నిండా ఉప్పు కలిపిన నీళ్ళు చేతికిచ్చింది.

ఆ గ్లాసు చూస్తుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

పొద్దున్నే నేను మంచం దిగబోతుంటే, "ఏవండీ, ఒక్క క్షణం అలాగే కూర్చోండి, గుండీ ఊడేలా ఉంది" అని చొక్కా పట్టుకునేది. రోజుకో గుండీ ఊడే చొక్కా ప్రపంచంలో ఎక్కడుంటుంది? కానీ నేను కూర్చునేవాణ్ణి. కూర్చోగానే మంచినీళ్ళు చేతికొచ్చేవి. తాగేదాకా గుండీ దొరికేది కాదు.

కంచం నిండా ఒకేసారి పెట్టడం మానేసింది. కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టేది. "మాటిమాటికీ పొయ్యి వెలిగించడం నీకు సరదాగా ఉందా?" అని నవ్వాను కూడా. నా కూరలో ఉప్పు ఎక్కువ, అమ్మ కూరలో ఉప్పే లేదు. అమ్మకి బీపీ ఎక్కువ కాబట్టి ఆమెకి తగ్గించిందనుకున్నాను. నాకెందుకు పెంచిందో అడగలేదు. రాత్రిపూట వేసుకునే మాత్ర రంగు మారితే, "దుకాణంలో కొత్త కంపెనీది ఇచ్చారు" అంది. అదీ నమ్మాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చదువు అబ్బకపోతే పోనీ, చెక్కలో పగులు పైకి కనబడకముందే వేలితో తడిమి చెప్పగలను. అలాంటివాణ్ణి, నా ఇంట్లో నా చుట్టూ ఇంత పని జరుగుతుంటే గుడ్డివాడిలా కూర్చున్నాను.

"నాకేంటి రోగం?" అన్నాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. గిన్నెలో ఏమీ లేదు. అయినా గరిటె తిప్పుతోంది.

"చెప్పవే."

"మీకు ఫిట్స్ లేవు."

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మరేంటి?"

"లోబీపీ. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. పడుకున్నప్పుడు బాగానే ఉంటుందట, లేచి నిలబడేసరికి పడిపోతుందట. గబుక్కున లేస్తే రక్తం కాళ్ళలోకి దిగిపోయి తలకి అందదట. మీరు రాత్రి మాటిమాటికీ బయటికి లేవకుండా వేసుకుంటారే, ఆ మాత్ర దాన్ని ఇంకా దించుతోందట. అందుకే మార్చింది. పొగలు కక్కే నీళ్ళు పోసుకున్నా అంతేనట."

ఆ రోజు ఆసుపత్రిలో నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారు. ఫిట్స్‌కి చెయ్యి ఎందుకు పిసుకుతారో నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మ నాతో "ఎప్పుడూ మెల్లగా లేవండి" అని మాత్రం అంది. మిగతాది బయట మీవాళ్ళకి చెప్తానంది.

"తక్కువా?" అంది అమ్మ. "మంచిదేగా! నాది తగ్గట్లేదనేగా ఇన్నాళ్ళుగా గుప్పెళ్ళతో మందులు మింగుతున్నాను. తల్లికి ఎక్కువ, కొడుక్కి తక్కువ. దేవుడు సరిగ్గా పంచి ఉంటే ఇద్దరం సుఖంగా ఉండేవాళ్ళం."

"మరి ఆ కొట్టుకోవడం?" అన్నాను.

"పడ్డ మనిషిని పడుకోబెడితే రక్తం తలకి దానంతటదే చేరుతుందట. మనం లేపి నిలబెట్టి పట్టుకుంటే చేరదు. అప్పుడు కాళ్ళూ చేతులూ అలా కొట్టుకుంటాయట. చూసేవాళ్ళకి ఫిట్స్‌లాగే ఉంటుందట." ఆమె అమ్మ వైపు చూడకుండా చెప్పింది. "'పడితే పడుకోబెట్టండి. కాళ్ళు ఎత్తి పెట్టండి. ఎవరూ లేపి నిలబెట్టొద్దు' అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

అమ్మ గుమ్మం దగ్గరే కింద కూర్చుండిపోయింది. "అయితే మీ నాన్న..." అంది. తర్వాత, "ఆయన పడింది దూలం మీంచిలే" అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"ఎవరికి చెప్పింది డాక్టరమ్మ?" అన్నాను.

"నాకు."

"నీకొక్కదానికేనా?"

గరిటె ఆగింది.

"మరిదికి కూడా. ఇద్దరం పక్కపక్కనే నిలబడి విన్నాం."

గ్లాసు కింద పెట్టాను. లోపల ఎక్కడో ఒక మేకు వంకర పోయినట్టు అనిపించింది. అడగాల్సింది ఇంకొకటి ఉంది. అడగాలంటే భయం వేసింది.

"ఎప్పుడు? షెడ్డు కాగితం రాయడానికి పెద్దాయన వచ్చిన రోజుకి ముందా, తర్వాతా?"

"ముందే."

*

ఆ రోజు సంగతి మా ఆవిడకి తెలియదనుకుని మొదటిసారి పూర్తిగా చెప్పాను.

మా పనంతా ఒక అద్దె షెడ్డులో. మా నాన్న చేతులమీదుగా నాకు వచ్చింది. మూడేళ్ళకోసారి షెడ్డు యజమాని, మేం పెద్దాయన అనే ఆయన, వచ్చి, చూసి, కాగితం మళ్ళీ నా పేరున రాస్తాడు. ఆ రోజు ఎండ మాడుతోంది. పైన రేకులు. ఆయన తన ఇంటి తలుపుల గురించి చెప్తూనే ఉన్నాడు. పెద్దమనిషి నిలబడి మాట్లాడుతుంటే నేనెలా కూర్చుంటాను? కదలకుండా నిలబడ్డాను. కాళ్ళు బరువెక్కాయి. కళ్ళు బైర్లు కమ్మాయి.

నేను ఒరుగుతుంటే మా పాలిష్‌గాడు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. "అన్నా! అన్నా!" అని గుండెకి హత్తుకున్నాడు. కింద పడనివ్వలేదు. కొట్టుకున్నాను. నోట్లోంచి చొంగ కారింది. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడట. నాకు తెలివొచ్చినా వాడు నన్ను వదల్లేదు. వాడి కన్నీళ్ళు నా మెడ మీద పడుతున్నాయి.

"ఇలాంటి మనిషి పేరున యంత్రాలున్న షెడ్డు ఎలా రాస్తానయ్యా? రేపు ఏదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు పెద్దాయన.

"మా తమ్ముడి పేరున రాయండి" అన్నది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. వాడికి చేతులెత్తి దండం పెట్టాను. నన్ను కింద పడనివ్వని తమ్ముడు దొరకడం నా అదృష్టమన్నాను. తమ్ముడికి అన్న దండం పెట్టకూడదని వాడు నా చేతులు దించాడు. ఎంత మర్యాద!

"వాడికి తెలుసు" అన్నాను మా ఆవిడతో. "నిలబెడితే కొట్టుకుంటానని తెలిసి నిలబెట్టాడు. ఆయన చూడాలని నిలబెట్టాడు. ప్రేమ అనుకున్నాను నేను."

మా ఆవిడ మొహం తెల్లబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకది తెలీదు. పడ్డారనీ పట్టుకున్నాననీ చెప్పాడు. అంతే."

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మర్నాడే రంపం దగ్గరికి వెళ్ళేవారు. మొదటిసారి పడ్డప్పుడు మీ చెయ్యి రంపపు పళ్ళకి ఎంత దూరంలో పడిందో మీకు తెలీదు. నేను అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నేను చూశాను." ఆమె కొంగు వదిలి పొయ్యి గట్టు పట్టుకుంది. "'లోబీపీ అంటే అన్నయ్య లెక్కచెయ్యడు వదినా, ఫిట్స్ అనుకుంటేనే దూరంగా ఉంటాడు' అన్నాడు మరిది. నాకూ అదే నిజం అనిపించింది."

"ఆ కొత్త మాత్ర ఒంటికి పట్టాక, నువ్వు ఈ గుండీల నాటకం మొదలెట్టాక, ఇవాళ్టి దాకా నేను మళ్ళీ పడలేదు. అంటే తగ్గింది. తగ్గాక కూడా చెప్పలేదేం?"

"రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను."

"అబద్ధానికి కూడా తీరిక కావాలి కాబోలు."

ఆమె ఖాళీ గిన్నె దించి పక్కన పెట్టింది.

"షెడ్డు కాగితం వాడి పేరున మారుతుందని నీకు ముందే తెలుసా?"

"నీళ్ళు తాగండి" అంది మా ఆవిడ, పొయ్యి వైపు తిరిగి. "గ్లాసు ఖాళీ చెయ్యకుండా లేవొద్దు."

తాగాను. తాగి గ్లాసు బోర్లించాను.

"చెప్పులు ఇటివ్వు."

"ఇప్పుడెక్కడికి? ఇప్పుడే పడి లేచారు!"

"ఇవాళ షెడ్డు పెద్దాయన తన తలుపులు చూసుకోవడానికి వస్తాడు. ఆయన ఎదురుగానే అడుగుతాను వాణ్ణి."

"అయితే నేనూ వస్తాను."

"ఎందుకు? సాక్ష్యం చెప్పడానికా?"

"దారిలో పడితే పడుకోబెట్టడానికి."

అమ్మ గుమ్మంలోంచి లేవలేదు. మేం దాటుకుని వెళ్తుంటే నా పంచె అంచు పట్టుకుంది. "ఒరేయ్, వాడు నీ తమ్ముడురా" అంది.

"నాకు గుర్తుందమ్మా. వాడికే గుర్తుచెయ్యాలి."

*

షెడ్డులో అడుగుపెట్టగానే రంపపు పొట్టు వాసన, స్పిరిట్ వాసన కలిసి మొహానికి కొట్టాయి. ఇన్ని నెలల తర్వాత ఆ వాసనకి కళ్ళు చెమర్చాయి. పొట్టు పడిందని రుద్దుకున్నాను.

పెద్దాయన ఇంటి తలుపులు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. పాలిష్‌గాడు గుడ్డ ఉండతో మొదటి తలుపుకి పూత పూస్తున్నాడు. పెద్దాయన పక్కన నిలబడి తలుపులో తన మొహం చూసుకుని మురిసిపోతున్నాడు. చేవకర్ర తలుపులవి. పూత మూడుసార్లు పడింది. ఈ షెడ్డులో ఏ గిరాకీ తలుపుకీ రెండోసారి పూత పడటం నేను చూడలేదు.

"అన్నయ్యా! నువ్వెందుకొచ్చావ్?" అంటూ గుడ్డ కింద పడేశాడు. "ఏయ్, యంత్రం ఆపండి, అన్నయ్య వచ్చాడు. వదినా, నువ్వైనా చెప్పొద్దా? రా అన్నా, కూర్చో."

రంపం మూలుగుతూ ఆగింది. పనివాళ్ళు ఇద్దరూ చేతులు దులుపుకుని పక్కకి జరిగారు. నేను పొట్టి పీట మీద కూర్చున్నాను. అది నేను చేసిన పీటే.

"ఒంట్లో ఎలా ఉంది మేస్త్రీ?" అన్నాడు పెద్దాయన, దూరం నుంచే.

"బాగుందండీ. నాకేమైందో ఇవాళే తెలిసింది. మా తమ్ముడికి ముందే తెలుసట." వాడి వైపు తిరిగాను. "డాక్టరమ్మ నీకేం చెప్పిందిరా?"

"ఏ డాక్టరమ్మ?"

"ఊళ్ళో నాకు పదిమంది డాక్టరమ్మలున్నారా?"

వాడు నన్ను చూడలేదు. మా ఆవిడని చూశాడు. ఆ చూపు నేను పట్టుకోవాల్సింది. కోపంలో వదిలేశాను.

"చెప్పింది" అన్నాడు చివరికి. "లోబీపీ అంది. అయితే ఏంటి? పేరేదైతేనేం అన్నా? నువ్వు పడటం నిజమా కాదా? ఇది ఫిట్స్, ఇది లోబీపీ అని రంపపు పళ్ళకి తేడా తెలుస్తుందా?"

"పళ్ళకి తెలీదు. నీకు తెలుసు."

"నీ మంచికే కదా..."

"మంచికి నన్ను రంపం దగ్గరికి రానివ్వకు. తప్పులేదు. చెయ్యి పట్టుకుని బయటికి లాగు. కొట్టు. కానీ ఆ రోజు ఈయన ముందు నన్నెందుకు నిలబెట్టావ్?"

"పడిపోతున్న అన్నని పట్టుకోవడం కూడా తప్పేనా? మన ఇంటి పద్ధతేగా అది! చిన్నప్పట్నుంచి అమ్మ చెప్పిందేగా!"

"అమ్మకి తెలీదు. నీకు తెలిశాక కూడా అదే పద్ధతా?"

వాడు కింద పడ్డ గుడ్డ తీసుకున్నాడు. దాన్ని రెండు చేతుల మధ్యా నలిపాడు. పాలిష్‌గాడికి మాట దొరకకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నిలబెడితే ఏమవుతుందిటయ్యా?" అన్నాడు పెద్దాయన.

"కొట్టుకుంటానండీ. పడుకోబెడితే కొట్టుకోను. అది ఫిట్స్ కాదు. వీడు నన్ను మీకు బొమ్మలాగ ఆడించి చూపించాడు."

"నోటికొచ్చినట్టు మాట్లాడకు అన్నా!"

"నోటికొచ్చినట్టు కాదురా, కడుపు మండినట్టు మాట్లాడుతున్నాను!" అంటూ లేచాను.

"మెల్లగా!" అని మా ఆవిడ అరిచింది.

అప్పటికే లేచేశాను. పొట్టి పీట మీంచి ఒక్క ఊపున లేవకూడదని నాకు తెలిసి ఇంకా ఒక పూట కూడా కాలేదు. చెవుల్లో హోరు మొదలైంది. తలుపుల మెరుపు మసకబారింది. షెడ్డు అంచుల్నుంచి నల్లబడుతూ వచ్చింది.

ఆ చీకట్లోంచి రెండు చేతులు నా వైపు చాపుకుని వచ్చాయి. "అన్నా!"

"ముట్టుకోకు."

ఆ చేతులు ఆగిపోయాయి.

నేనే మోకాళ్ళ మీద కూలబడ్డాను. నేనే పక్కకి ఒరిగాను. రంపపు పొట్టులో వెల్లకిలా పడుకుని, అందిన దుంగ మీదికి నా కాళ్ళు నేనే ఎత్తి పెట్టుకున్నాను. జీవితంలో ఇంతమంది ముందు పడుకోవడం ఎప్పుడైనా ఇంత గౌరవంగా ఉంటుందనుకోలేదు.

హోరు తగ్గింది. రేకుల కన్నాల్లోంచి వెలుగు మళ్ళీ కనబడింది. నా చేతులు పొట్టులో కదలకుండా ఉన్నాయి. వేళ్ళు కూడా కొట్టుకోలేదు.

పెద్దాయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "ఏం కొట్టుకోవట్లేదే!"

"కొట్టుకోరు" అంది మా ఆవిడ.

"మరి ఆ రోజు..." అని ఆయన పాలిష్‌గాడి వైపు చూశాడు. పనివాళ్ళిద్దరూ కూడా చూశారు. వాడు తలుపు వైపు తిరిగి, ఆరిపోయిన పూత మీద ఉత్త గుడ్డతో రుద్దుతున్నాడు.

"చూశారుగా" అన్నాను పడుకునే. "ఆసుపత్రికి నేనే వెళ్తాను. రంపం ముట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పేదాకా ముట్టుకోను, నిలబడి చేసే పని పనివాళ్ళ చేత చేయిస్తాను. నాకు లేని రోగం చూపించి రాయించుకున్న కాగితం అది. నా షెడ్డు నా పేరున మళ్ళీ రాయండి."

పెద్దాయన నిటారుగా లేచి నడుం పట్టుకున్నాడు.

"రాసింది మూడేళ్ళకి మేస్త్రీ. మూడేళ్ళదాకా కాగితం కాగితమే. అయినా..." ఆయన కొంచెం ఇబ్బందిగా దగ్గాడు. "అన్నదమ్ముల మధ్య నన్ను నిలబెట్టకండి. ముందు నన్ను అడిగింది నీ తమ్ముడు కాదుగా."

"ఎవరడిగారు?"

"అదేంటి, నీకు తెలీదా? ఆ ముందురోజే ఈ అమ్మ మా ఇంటికొచ్చింది. 'ఈసారి ఆయన పేరున రాయకండి, మా మరిది పేరున రాయండి. నేనొచ్చినట్టు ఆయనకి తెలియనివ్వకండి' అంది. ఎవరి ఇంటి సంగతి వాళ్ళదని నేనూ ఊరుకున్నాను. ఏమ్మా, అంతేగా?"

గుడ్డ రుద్దే చప్పుడు ఆగింది.

"చెప్పనని వదినకి మాటిచ్చాను అన్నా" అన్నాడు పాలిష్‌గాడు, తలుపుతో చెప్తున్నట్టు. "నువ్వు నన్ను ఎంత తిట్టినా చెప్పలేదు. అది మాత్రం గుర్తుపెట్టుకో."

పడుకున్నవాడికి మొహాల కంటే పాదాలు ముందు కనబడతాయి. మా ఆవిడ పాదాలు నా తలకి అటువైపు ఉన్నాయి. ఒక మెట్టె మీద రంపపు పొట్టు అంటుకుంది. ఆ పాదాలు ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు.

"నువ్వు వెళ్ళావా?" అన్నాను.

మెట్టె ఉన్న వేలు పొట్టులోకి ముడుచుకుంది.

"వీడు నన్ను నిలబెట్టబోతున్నాడని కూడా తెలుసా?"

ఆమె వంగి నీళ్ళ సీసా నా చేతికి అందేలా పెట్టింది. మూత తీసి పెట్టింది. మూత తియ్యడానికి కూడా నేను కష్టపడకూడదని. ఆ సీసా నేను ముట్టుకోలేదు.

లేవాలి. కానీ గబుక్కున లేవకూడదు. పక్కకి తిరగాలి, మోచేతి మీద ఆగాలి, కూర్చుని ఆగాలి. ఇదంతా ఆమె నేర్పిందే. అందుకని ఇంకాసేపు అలాగే పడుకుని, పనివాడి బుద్ధి చావదు కాబట్టి, కంటితోనే కొలిచాను. గుమ్మం నుంచి వెనక గోడకి ఇరవై ఎనిమిది అడుగులు. ఈ గోడ నుంచి ఆ గోడకి పదహారు. నేను పోగొట్టుకున్నది మొత్తం నాలుగు వందల నలభై ఎనిమిది చదరపు అడుగులు, మా ఆవిడ నిలబడ్డ అడుగు కూడా కలుపుకుని.